ఓడుటకై ఆడిన ఆట

తెలుగులో ‘ఆట’ అను మాటకు అర్థవిస్తృతి మెండు. పిల్లలు వీధిలో ఆడునదియు ఆటయే, నర్తకి రంగస్థలముపై ఆడునదియు ఆటయే. బొమ్మలాట, భాగవతుల ఆట, తుదకు సినిమా హాలులో మొదటి ఆట, రెండవ ఆట - ఇవన్నియు ఆ మాట నీడలోనివే. ఒకవైపున గెలుపోటముల పందెము, మరియొకవైపున చూపరుల యెదుట ప్రదర్శనము. ఈ రెండర్థములును ఒక్క మాటలో ఎట్లు ఇమిడినవో మన పూర్వుల నడుగ వీలులేదు. కాని ఆ రెండింటి నడుమ గీత ఎక్కడ నున్నదో 2012వ సంవత్సరము జూలై 31వ తేదీన లండన్ నగరములోని వెంబ్లీ అరీనాలో లోకమంతయు చూచినది. ఆనాడు ఒలింపిక్ క్రీడలలో, స్త్రీల డబుల్స్ బాడ్మింటన్ పోటీలో, నాలుగు జంటలకు చెందిన ఎనమండుగురు క్రీడాకారిణులు ఓడుటకై ఆడిరి. పోటీ చూడవచ్చినవారికి నాటకము చూపబడినది. అదియు మిక్కిలి చెడ్డ నాటకము.

ఆ ఎనమండుగురిని మరునాడే పోటీనుండి బహిష్కరించిరి. ఆ శిక్ష న్యాయమే యని నా అభిప్రాయము. కాని అది సగము న్యాయము మాత్రమే. ఓటమి లాభసాటియగునట్లు పట్టికను వ్రాసి, ఆ పట్టికను అందరికి ముందుగా చూపి, పిమ్మట ఆటగత్తెల మనోనిగ్రహముపై భారము మోపిన పెద్దలకు ఆనాడు శిక్ష లేదు. ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చుచున్నదో తెలియుటకు ఒలింపిక్ క్రీడలలో ఈ ఆట నడచివచ్చిన త్రోవను కొంత చూడవలయును.

బాడ్మింటన్ ఆ వేదిక నెక్కుటకు చాలకాలము పట్టినది. (మన పాఠశాలలలో ఒక తరమువారికి బాడ్మింటన్ అనగా ఉన్నిబంతితో ఐదుగురేసి ఆడు బాల్ బాడ్మింటన్ మాత్రమే. ఈకల బంతితో ఆడుదానిని ‘షటిల్’ అని వేరుగ పిలిచెడివారు. నేను చెప్పుచున్నది ఆ షటిల్ గురించియే.) 1972లో మ్యూనిక్ నగరమున దానిని కేవలము ప్రదర్శన క్రీడగా ఆడించి చూచిరి. పురుషుల సింగిల్సులో ఇండోనీషియా వీరుడు రూడీ హార్టోనో గెలిచెను, కాని ఆ గెలుపు పతకముల లెక్కలోనికి రాలేదు. మరల పదునారేండ్లకు, 1988లో, సియోల్ నగరమున మరియొకసారి ప్రదర్శనము. 1992లో బార్సెలోనాలో గాని అది పతకములుగల ఆట కాలేదు. ఆ యేడు స్త్రీల సింగిల్సులో సూసీ సుశాంతి, పురుషుల సింగిల్సులో అలన్ బుడికుసుమా గెలిచిరి. 1952 నుండి ఒలింపిక్ క్రీడలలో పాల్గొనుచున్న ఇండోనీషియాకు అవి మొట్టమొదటి స్వర్ణపతకములు. నలుబదియేండ్ల నిరీక్షణము ఒక్కనాటితో తీరినది. ఆ యిరువురు తరువాత దంపతులైరి కూడ. 1996లో అట్లాంటాలో మిశ్రమ డబుల్స్ చేరినది. ఆ యేడే పురుషుల సింగిల్సులో డెన్మార్కుకు చెందిన పౌల్ ఎరిక్ హోయర్ లార్సెన్ గెలిచి, ఆసియాయేతరులకు ఈ ఆటలో తొలి స్వర్ణమును తెచ్చెను.

ఈ సంవత్సరములన్నిటను పోటీ విధానము ఒక్కటియే - నాకౌట్ పద్ధతి. గెలిచినవాడు ముందునకు పోవును, ఓడినవాడు ఇంటికి పోవును. ఆ పద్ధతిలో కాఠిన్యమున్నది గాని కపటమునకు చోటు తక్కువ. ఓడి బాగుపడుట యనునది అందులో సాధారణముగ ఉండదు. ‘సాధారణముగ’ అని ఏల అంటినన, ఒకే దేశమువారిరువురు సెమీ ఫైనలులో తారసపడినప్పుడు ఆ పద్ధతిలోను వంకరలు పుట్టినవి. 2004లో ఏథెన్సులో చైనాకు చెందిన ఝాంగ్ నింగ్, ఝౌ మీ సెమీ ఫైనలులో ఎదురుపడిరి. ఝాంగ్ నింగ్ గెలిచి, ఫైనలులో కూడ గెలిచి స్వర్ణము పొందెను. ఆ సెమీ ఫైనలు నడుమ ఝౌ మీని ఇక గట్టిగ పోరాడవలదని తామే ఆదేశించితిమని చైనా ప్రధాన శిక్షకుడు లీ యోంగ్‌బో 2008లో టెలివిజన్‌లో స్వయముగ చెప్పెను. దేశమునకు పతకము వచ్చుటకై అట్లు చేసితిమని ఆయన సమర్థన. ఆ మాట ఆయన దాచుకొని చెప్పలేదు, తప్పని తోచక బాహాటముగ చెప్పెను. 2012లో జరిగినదానికి బీజము ఇక్కడనే కనబడుచున్నది.

నాకౌట్ పద్ధతిపై ఒక ఆక్షేపణ న్యాయమైనది. నాలుగేండ్లు శ్రమించి, ఎక్కడో చిన్నదేశమునుండి బయలుదేరి వచ్చిన క్రీడాకారుడు మొదటి దినముననే ప్రపంచ విజేతకు ఎదురుపడి, అరగంటలో ఓడి, విమానమెక్కి పోవలసివచ్చెడిది. అట్టివారికి రెండు మూడు ఆటలైనను దక్కవలెనను సదుద్దేశముతో 2012లో గ్రూపుల పద్ధతిని ప్రవేశపెట్టిరి. స్త్రీల డబుల్సులో పదునారు జంటలు. నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు. ప్రతి గ్రూపునుండి మొదటి యిద్దరు జంటలు క్వార్టర్ ఫైనలునకు పోవును. ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ఏ గ్రూపులో మొదటివారు ఏ గ్రూపులో రెండవవారిని ఎదుర్కొనవలెనో ముందే నిర్ణయించి పట్టిక వేసి యుంచిరి. కావున చివరి ఆటకు దిగు జంట, అప్పటికే తన క్వార్టర్ ఫైనలు స్థానము ఖాయమైయున్నచో, “గెలిచిన ఎవరు తగులుదురు? ఓడిన ఎవరు తగులుదురు?” అని లెక్క వేసికొనవచ్చును. లెక్క వేసికొనిరి.

ఆ దినమున చైనాకు చెందిన రెండవ జంట టియాన్ చింగ్, ఝావో యున్‌లెయి డెన్మార్కు జంట చేతిలో ఓడి తమ గ్రూపులో రెండవ స్థానమునకు దిగిరి. దానితో పట్టిక తారుమారైనది. చైనా మొదటి జంటయైన వాంగ్ షియావోలి, యూ యాంగ్ తమ గ్రూపులో మొదటివారైనచో, స్వదేశీయులను ఫైనలులో గాక అంతకు ముందే ఎదుర్కొనవలసివచ్చును. రెండవవారైనచో ఆ చిక్కు లేదు. అట్లని వారు ఓడదలచిరి. వారి యెదుట నిలిచిన దక్షిణ కొరియా జంట జంగ్ క్యుంగ్ యున్, కిమ్ హా నా కూడ గెలువ నుత్సహింపలేదు. సర్వీసు నెట్టునకు కొట్టుట, షటిలును గీత దాటించుట, అందిన దెబ్బను అందనట్లు వదలివేయుట - ఇదియే ఆట. నాలుగు దెబ్బలకు మించిన పోరు ఒక్కటియు లేదు. చూపరులు కేకలు వేసిరి. రెఫరీ కోర్టులోనికి వచ్చి హెచ్చరించెను. తుదకు చైనా జంట 21-14, 21-11తో ‘ఓడుటలో గెలిచినది’.

ఈ వాంగ్, యూ సామాన్యులు కారు. సరిగ అంతకు ముందటి యేడు, అదే వెంబ్లీ అరీనాలో, ప్రపంచ విజేతలైనవారు. యూ యాంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్ స్వర్ణపతక విజేత. సర్వీసు నెట్టు దాటించుట చేతకానివారు కాదని చూచుచున్న పసిపిల్లలకును తెలియును.

తరువాతి ఆట మరింత విచిత్రము. దక్షిణ కొరియాకు చెందిన హా జంగ్ యున్, కిమ్ మిన్ జంగ్ ఒకవైపు, ఇండోనీషియాకు చెందిన మెలియానా జౌహారి, గ్రేసియా పోలీ మరియొకవైపు. ఈ ఆటలో గెలిచినవారు క్వార్టర్ ఫైనలులో, ఇప్పుడే ఓడి రెండవ స్థానమున చేరిన వాంగ్, యూ జంటను ఎదుర్కొనవలయును. కావున రెండు పక్షములును ఓడవలెననియే దిగినవి. నెట్టుకు ఈవల నున్నవారును ఓటమినే కోరుచున్నారు, ఆవల నున్నవారును ఓటమినే కోరుచున్నారు. ఇట్టి ఆటకు పేరేమి? పోటీ యనునది ఇరువురు ఒకే వస్తువును కోరుటవలన పుట్టును. ఇక్కడను ఇరువురు ఒకే వస్తువును కోరిరి, అది ఓటమి. రెఫరీ బహిష్కరణను సూచించు నల్లకార్డును చూపి, మరల వెనుకకు తీసికొని, ఆటను సాగనిచ్చెను. కొరియా జంట 18-21, 21-14, 21-12తో గెలువక తప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. 2006కు పూర్వపు లెక్కింపు పద్ధతిలో సర్వీసు చేసినవారికే పాయింటు వచ్చెడిది. సర్వీసు చెడినచో ఎదుటివారికి సర్వీసు పోవునే గాని పాయింటు పోదు. ఆ పాత పద్ధతిలో ఇరుపక్షములును ఓడదలచి ప్రతి సర్వీసును నెట్టునకు కొట్టుచు పోయినచో ఏమగును? ఎవరికిని ఒక్క పాయింటైనను రాదు. సున్న సున్నగనే తెల్లవారును. కొత్త పద్ధతిలో ప్రతి తప్పునకును ఎదుటివారికి పాయింటు దక్కును గనుక ఆ తమాషా ఒక గంటలో ముగిసినది. గణితోపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన లెక్క ఇది.

ఆగస్టు 1వ తేదీన ప్రపంచ బాడ్మింటన్ సమాఖ్య విచారణ జరిపి, గెలుచుటకు శక్తివంచన లేకుండ ప్రయత్నింపలేదను నేరముపైనను, ఆటకు అపకీర్తి తెచ్చిరను నేరముపైనను, నాలుగు జంటలను బహిష్కరించినది. కొరియావారి అప్పీలు త్రోసివేయబడెను, ఇండోనీషియావారు తమ అప్పీలును ఉపసంహరించుకొనిరి. గ్రూపులలో వెనుకబడి మూటముల్లె సర్దుకొనుచున్న రష్యా, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా జంటలను పిలిచి క్వార్టర్ ఫైనలులో నిలిపిరి. రష్యా జంట కాంస్యపతకముతో ఇంటికి పోయినది.

ఇంతవరకు అందరును ఎరిగిన కథ. మనవారికి సంబంధించిన కథ ప్రక్కగ్రూపులో జరిగినది. హైదరాబాదులో పెరిగిన గుత్తా జ్వాల, కర్ణాటకకు చెందిన అశ్వినీ పొన్నప్ప అంతకు ముందటి యేడు అదే వెంబ్లీ అరీనాలో ప్రపంచ పోటీలలో కాంస్యము గెలిచి, స్త్రీల డబుల్సులో భారతదేశమునకు తొలి ప్రపంచ పతకము తెచ్చినవారు. లండన్ ఒలింపిక్ క్రీడలలో వారు మొదటి ఆట జపాను జంటకు ఓడిరి. రెండవ ఆటలో చైనీస్ తైపేయి జంటను మూడు గేములు పోరాడి గెలిచిరి. మూడవదానిలో సింగపూరు జంటను గెలిచిరి. అదే దినమున జపాను జంట తైపేయి జంటకు ఓడినది. మూడు జంటలు రెండేసి గెలుపులతో సమానమైనవి. గేములు లెక్కించిరి: తైపేయి ముందు, భారత జపానులు మరల సమానము. పాయింట్లు లెక్కించిరి: జపానునకు తేడా నాలుగు, మనకు మూడు. ఒక్క పాయింటు! జ్వాల, అశ్విని ఇంటిదారి పట్టిరి. జపాను, తైపేయి ఆటపై భారత బృందము ఫిర్యాదు చేసినది. సమాఖ్య దానిని త్రోసిపుచ్చినది.

జపాను జంట తప్పుచేసినదని నేను అనుట లేదు, అట్లని ఎవరును నిరూపింపలేదు. ఆ ఫుజీ, కకీయివా జంటయే తరువాత వెండిపతకము గెలిచి, బాడ్మింటన్‌లో తమ దేశమునకు మొదటి ఒలింపిక్ పతకము సంపాదించినది. నా మాట వేరు. పట్టిక అట్టిదై యున్నందువలన ఆనాడు సజ్జనుల ఓటమిని సైతము శంకింపవలసి వచ్చినది. నిజముగ ఓడినవారెవరో, కోరి ఓడినవారెవరో తెలియని స్థితి యేర్పడినది. ఆ యెనమండుగురు చేసిన హానిలో నాకు ఘోరముగ తోచునది ఇదియే. చూపరుల టిక్కెట్టు రూకలు పోవుట చిన్న నష్టము. ఓటమికున్న మర్యాద పోవుట పెద్ద నష్టము.

అదే క్రీడలలో, అదే అరీనాలో, ఆగస్టు 4వ తేదీన జరిగిన మరియొక ఆటను దీని ప్రక్కన నిలిపి చూడుడు. స్త్రీల సింగిల్సు కాంస్యపతకమునకై హైదరాబాదులో పుల్లెల గోపీచంద్ శిక్షణలో రాటుదేలిన సైనా నెహ్వాల్, చైనాకు చెందిన వాంగ్ షిన్ తలపడిరి. మొదటి గేము వాంగ్ షిన్ 21-18తో గెలిచెను. ఆ గేము చివరలో ఆమె మోకాలికి దెబ్బ తగిలినది. చికిత్స చేయించుకొని, కుంటుచు, మరల కోర్టులో నిలిచెను. రెండవ గేములో ఒక పాయింటు ఆడి ఇక నిలువలేక విరమించెను. బాడ్మింటన్‌లో భారతదేశమునకు మొదటి ఒలింపిక్ పతకము ఆ విధముగ వచ్చినది. నాలుగు దినముల క్రితము కాళ్లు చక్కగ నున్నవారు ఆడక నిలిచినచోట, కాలు విరిగినంత బాధతో ఒకతె ఆడ ప్రయత్నించెను. ఇరువురును చైనావారే. కావున ఈ విషయమును ఒక జాతి స్వభావమునకు అంటగట్టువారు తొందరపడుచున్నారు.

ఆ యెనమండుగురి పక్షమున వాదించువారు లేకపోలేదు. వారి వాదము బలహీనమైనదియు కాదు. “లక్ష్యము స్వర్ణపతకము. దానికై ఒక చిన్న ఆటను వదలుకొనుట వ్యూహము. యుద్ధములో సేనాని ఒక కోటను వదలి వెనుకకు తగ్గిన పిరికివాడందుమా? ఈతగాండ్రు, పరుగుపందెగాండ్రు తొలి పోటీలలో బలము దాచుకొనుట లేదా?” అని వారందురు. పరుగుపందెగాడు తొలి పోటీలో మెల్లగ పరుగెత్తుట నిజమే. కాని అతడు తరువాతి పోటీకి అర్హుడగుటకు చాలినంత వేగముగనే పరుగెత్తును, ప్రక్కవాడు తన వేగమున తాను పోవును. బాడ్మింటన్ అట్లు కాదు. నేను కొట్టినగాని నీవు కొట్టలేవు. ఒకరి ఆట మరియొకరి ఆటపై ఆధారపడియున్నది. నేను మానినచో నీ ఆటయును చచ్చును. మూడవచోట మూడవవారి అదృష్టము కూడ దానితో ముడిపడియున్నది. యుద్ధమన్న ఉపమానము మరియు చెల్లదు. యుద్ధములో శత్రువును మోసగించుట కలదు, కాని ఆటలో ఎదుటివాడు శత్రువు కాడు. ఇరువురును కలిసి నిర్మించుదానిలో సగము పాలు గలవాడు.

కోరి ఓడుట ఎల్లప్పుడు నీచమని కూడ నేను చెప్పజాలను. అష్టాచెమ్మా ఆడుచు మనుమరాలికి గెలుపు విడిచిపెట్టు తాతను ఎవరు తప్పుపట్టుదురు? భీష్మపర్వములో పితామహుడు శిఖండి యెదుట విల్లు ఎత్తనని ముందుగనే చెప్పినాడు, చెప్పినట్లు ఎత్తక పడినాడు. కోరి పడినను ఆ పాటులో కపటము లేదు. ఏలయన ఆ నియమము ఇరుపక్షములకును తెలిసినది, దానివలన కలిగిన నష్టము తనదే. తాత ఓడినను అంతియే. వెంబ్లీలో ఆడినవారు తమ ఉద్దేశమును దాచిరి. నష్టమును ఇతరుల నెత్తిన మోపిరి. తేడా అక్కడనున్నది.

ఇక పెద్దల మాట. ఇట్టి చిక్కు లోకమున మొదటిసారి వచ్చినది కాదు. 1982లో స్పెయిన్‌లోని గిహోన్ నగరమున ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తలపడినవి. అల్జీరియా తన చివరి ఆటను ముందటి దినముననే ఆడి ముగించియుండుటచే, జర్మనీ ఒకటి రెండు గోల్సుతో గెలిచిన ఇరువురును ముందునకు పోవుదురనియు, అల్జీరియా ఇంటికి పోవుననియు రెండు జట్లకును తెలియును. పదియవ నిమిషమున జర్మనీ ఒక గోలు కొట్టినది. ఆ పిమ్మట ఎనుబది నిమిషములు బంతిని అటునిటు దొర్లించి కాలము గడిపిరి. అల్జీరియా ఫిర్యాదు చేసినను ఎవరికిని శిక్ష పడలేదు. కాని అధికారులు పాఠము నేర్చిరి. తరువాతి ప్రపంచ పోటీనుండి ప్రతి గ్రూపులోను చివరి ఆటలను ఒకే సమయమున ఆడించిరి. ముప్పదియేండ్ల క్రితము ఫుట్‌బాల్‌వారు నేర్చిన పాఠమును లండన్ పట్టిక వ్రాసినవారు చదువకపోవుట ఆశ్చర్యము. రెండు క్రీడల అధికారులు ఒకరి కథ నొకరు వినరు కాబోలు!

అక్కడ నియమమును మార్చి మనుష్యులను విడిచిపెట్టిరి. ఇక్కడ ముందు మనుష్యులను శిక్షించి తరువాత నియమమును మార్చిరి. రెండింటిలో ఏది మేలని నన్నడిగిన రెండును ఒకేసారి చేయవలసినదందును. అంతకంటె ముఖ్యముగ, శిక్షించునప్పుడు “ఈ వల పన్నినది మేమే” అని ఒక్క మాట ఒప్పుకొనుట న్యాయాధికారి కర్తవ్యము. శిక్షకుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంతటి నిర్ణయము ఇరువురు ఆటగత్తెలు తమంత తాము చేసిరని నమ్ముట కష్టము. దక్షిణ కొరియా సంఘము మాత్రము తరువాత తన క్రీడాకారిణులతో పాటు శిక్షకులను కూడ శిక్షించి కొంత నయమనిపించుకొన్నది. చైనా శిక్షకుడు లీ యోంగ్‌బో క్షమాపణ చెప్పెను. ఎనిమిదేండ్ల క్రితము ఏథెన్సులో ఆజ్ఞ యిచ్చినది తానేనని చెప్పుకొన్న ఆ లీ యోంగ్‌బోయే.

మన ఉపాధ్యాయులకు ఈ విషయము దూరపుదేమియు కాదు. పరీక్షాపత్రములో ‘ఇది గాని, అది గాని’ అని ప్రశ్నలిచ్చుచున్నాము. విద్యార్థి ఏటేట పత్రములను తిరుగవేసి, ఏ పాఠము విడిచినను నష్టము లేదో కనిపెట్టి, “దానిని ఛాయిస్‌లో వదలినాను” అని ధైర్యముగ చెప్పుచున్నాడు. ప్రబంధము చదువక వ్యాకరణముతోను, వ్యాకరణము చదువక ప్రబంధముతోను గట్టెక్కినవారిని నేను ముప్పదియేండ్లుగ చూచుచున్నాను. వారిని సోమరులని మందలింతుము. మందలింపవలసినదే. కాని ఆ పత్రమును అట్లు కూర్చినది మనమే. పాఠము వదలుట లాభమగు పత్రము వ్రాసి, పాఠము వదలిన పిల్లవానిని తిట్టుట వెంబ్లీ న్యాయమే అగును. ఇందులో ఒక భేదము మాత్రము మరువరాదు: ఛాయిస్‌లో పాఠము వదలిన బాలుడు తనకు తానే నష్టము చేసికొనును. వాని బెంచీలో ప్రక్కవాని మార్కులు తగ్గవు. ఆటలో కోరి ఓడినవాడు తాను బాగుపడి మూడవవానిని ముంచును.

లండన్ తరువాత సమాఖ్య మేల్కొన్నది. 2016 రియో క్రీడలనుండి డబుల్సులో గ్రూపు ఆటలు ముగిసిన పిదప రెండవ స్థానమువారికి మరల చీటీలు వేసి ఎదుటివారిని నిర్ణయింప సాగిరి. ఎవరు తగులుదురో తెలియనప్పుడు ఓడి ప్రయోజనమేమి? గ్రూపుల పద్ధతిలో చిక్కులన్నియు తీరినవని చెప్పలేము. 2024లో పారిస్‌లో లక్ష్య సేన్ గ్వాటెమాలాకు చెందిన కెవిన్ కార్డన్‌ను గెలిచెను. కార్డన్ మోచేతి దెబ్బతో పోటీనుండి తప్పుకొనగా ఆ గెలుపును లెక్కనుండి తుడిచివేసిరి. లక్ష్య సేన్ మిగిలిన ఆటలు గెలిచి ముందునకు పోయి, తుదకు నాలుగవ స్థానమున నిలిచెను గనుక ఆ అన్యాయము ఎవరి మనస్సునను నిలువలేదు. ఆ తుడిచిన గెలుపే అవసరమై యుండినచో ఎంత గగ్గోలు పుట్టెడిదో!

రియోలో స్త్రీల డబుల్సు కాంస్యపతకపు ఆటను తలచినప్పుడెల్ల నాకు వింతగ తోచును. ఒకవైపున యూ యాంగ్, కొత్త తోడు టాంగ్ యువాంటింగ్. మరియొకవైపున జంగ్ క్యుంగ్ యున్, కొత్త తోడు షిన్ సంగ్ చాన్. నాలుగేండ్ల క్రితము వెంబ్లీలో, ఒకరి సర్వీసును మరియొకరు నెట్టునకు కొట్టుకొనుచు నిలిచిన ఆ యూ యాంగ్, జంగ్ క్యుంగ్ యున్‌లే మరల ఒకే నెట్టుకు ఈవలావల నిలిచిరి. ఈసారి ఓడినవారికి దక్కునది ఏమియు లేదు. జంగ్ జంట 21-8, 21-17తో గెలిచినది. ఆ యేడు బాడ్మింటన్‌లో దక్షిణ కొరియాకు వచ్చిన పతకము అదొక్కటియే. వారి స్వభావము నాలుగేండ్లలో మారెనో లేదో నాకు తెలియదు. పట్టిక మాత్రము మారినది. (అదే రియోలో మన పూసర్ల వెంకట సింధు, స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్‌తో మూడు గేములు పోరాడి ఓడి వెండిపతకము పొందినది. ఆ ఓటమిని చూచి తెలుగునాట ఎవరును తల దించుకొనలేదు.)

ఇండోనీషియా జంటలోని గ్రేసియా పోలీ కథ మరింత దీర్ఘమైనది. లండన్‌లో బహిష్కృతురాలైనప్పుడు ఆమెకు ఇరువదియైదేండ్లు నిండలేదు. ఆట మానలేదు. 2021లో జరిగిన టోక్యో క్రీడలకు అప్రియానీ రహాయు అను చిన్నపిల్లతో జంటకట్టి, సీడింగు లేని జంటగా దిగి, ఫైనలులో చైనాకు చెందిన చెన్ చింగ్‌చెన్, జియా యీఫాన్‌లను 21-19, 21-15తో గెలిచెను. స్త్రీల డబుల్సులో ఇండోనీషియాకు అదియే మొదటి స్వర్ణము. తేదీ ఆగస్టు 2. లండన్ బహిష్కరణకు సరిగ తొమ్మిదియేండ్ల ఒక దినము. శిక్షను అనుభవించినవారు మరల వచ్చి ఆడుటకు త్రోవ మూయకుండ విడిచినందుకు సమాఖ్యను మెచ్చుకొనవలసినదే.

మన జిల్లాలలో, మండలములలో పాఠశాలల పోటీలకు లీగు పట్టికలు వేయు వ్యాయామోపాధ్యాయులకు ఒక మనవి. సెమీ ఫైనలులో ఎవరికి ఎవరు ఎదురో ముందుగ గోడకు అంటింపకుడు. గ్రూపు ఆటలన్నియు ముగిసిన పిదప, పిల్లలందరును చూచుచుండగా చీటీలు తీయుడు. చివరి ఆటలు రెండు కోర్టులలో ఒకేసారి ప్రారంభింపుడు, కోర్టు ఒక్కటియే యున్నచో ఈ చీటీల పద్ధతియైనను పాటింపుడు. వెంబ్లీలో లేనివియు, మన ఆటస్థలములో ఉన్నవియు రెండే వస్తువులు ఇందుకు కావలయును: ఒక టోపీ, నాలుగు కాగితపు ముక్కలు.